మూడు కత్తెర్ల మొక్కు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది అతని అక్క. పొద్దుటి షిఫ్టు లోపలికి పోయి గేటు దగ్గర సందడి తగ్గిన వేళ, మా డిస్పెన్సరీ మెట్ల మీద కూర్చుని కనిపించింది. కొంగుతో మొహం తుడుచుకుంటోంది కానీ అది ఏడుపు కాదు, నడిచొచ్చిన చెమట.

“చెల్లె, మా తమ్ముడు గోలీలు బంద్ పెట్టిండు,” అన్నది. “నిన్న పొద్దుగూకంగ ఊరికెల్లి వచ్చిన. నా కండ్ల ముందల రాత్రివి మింగలే, పొద్దుగాలవి మింగలే. వాడు పస్తు పెట్టేది వాన్ని గాదు, నా కిడ్నీని.”

చేతిలోని దూది డబ్బా పక్కన పెట్టేసి ఆమె పక్కనే కూలబడ్డాను. ఎవరి గురించి చెప్తోందో నాకు తెలుసు. మా ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్లో పనిచేస్తూ రెండు కిడ్నీలూ చెడి, చావు దాకా పోయి వచ్చిన మనిషి. భార్య రక్తం కలవలేదు. జిన్నారం అవతలి ఊళ్లో కూలిపని చేసుకునే ఈ అక్క రక్తం కలిసింది. “నాకు రెండున్నయి గద, ఒకటి తీస్కోన్రి” అని ఇచ్చేసింది. అప్పటికి ఆరేళ్లుగా ఆమె కిడ్నీ అతని ఒంట్లో పనిచేస్తోంది. అది నిలవాలంటే బతికినన్నాళ్లూ రోజూ గోలీలు వేసుకోవాలి. మానేస్తే ఒళ్లు దాన్ని పరాయిదని తోసేస్తుంది. ఇంత మాత్రం మా అందరికీ తెలుసు.

డిస్పెన్సరీల్లో, ఆసుపత్రుల్లో కొత్తగా పనికి చేరే పిల్లల కోసం రాయమన్నారు కాబట్టి నా సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్తాను. నేను బడికి పోలేదు. మా నాయన దేవుడి గూట్లో దీపం పెట్టాక అక్కడే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. ఆ అక్షరాలతోనే ఎనభైల్లో పటాన్‌చెరు దగ్గర ఒక రసాయనాల ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో ఆయాగా చేరాను. మందుసీసాల మీద పేర్లు చదవగలనని మెల్లగా కట్లు కట్టే పని ఇచ్చారు. ఆ పనిలోనే రిటైరయ్యాను. కట్టు కట్టే ముందు దేవుణ్ని తలుచుకోవడం నా అలవాటు. పైకి అనేదాన్ని కాదు. గుడ్డ మడత పెట్టేంతసేపట్లో అయిపోయేది. ఎన్ని వేల పుండ్లు నా చేతుల మీదుగా మానాయో, వాటిలో నా గొప్ప ఏమీ లేదు. చేతులిచ్చినవాడికి దండం.

అయితే ఈ ఒక్క పుండు నా చేతుల్లో మానలేదు. మానకపోవడమే మా అందరికీ పాఠం చెప్పింది.

అతను కొత్త కిడ్నీతో తిరిగి డ్యూటీకి వచ్చిన రోజు ఫ్యాక్టరీలో పండగ. ఒకరు కొబ్బరిబొండం తెచ్చారు, ఒకరు భుజం మీద చేయి వేయబోయి “ఇన్ఫెక్షన్, ఇన్ఫెక్షన్” అని తామే వెనక్కి గెంతారు. అందరికీ అతనికి ఏదో ఒక మేలు చేయాలని తాపత్రయం. ప్యాకింగ్ సూపర్‌వైజరు అందరికన్నా ముందున్నాడు.

“తమ్మీ, ఇగ నువ్వా డ్రమ్ముల వాసనల ఉండద్దు,” అన్నాడు. “ఆ గాలి పీలిస్తే అక్క ఇచ్చిన కిడ్నీ కరాబైతది. తోటపనికి పో. సల్లగ చెట్ల కింద ఉంటవు.”

చెట్లంటే అప్పటికి మోకాలెత్తు మొక్కలు. ఆఫీసు ముందు పచ్చిక వేసి, దాని చుట్టూ నాటినవి. వాటి నీడ పిల్లికి కూడా చాలదు. మా డాక్టరుగారు కూడా, ఆరుబయట గాలి మంచిదేనని సంతకం పెట్టారు. నేను ఇంటికిపోయి కొబ్బరికాయ కొట్టాను. రసాయనాల వాసన తగలని చోటు దొరికిందని మేమంతా ఎంత సంబరపడ్డామో. ఆ చోటు మీద రోజంతా ఎండ ఉంటుందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఫ్యాక్టరీల మధ్య బతికేవాళ్లం మరి. మా భయమంతా పొగగొట్టాల మీదే. ఎండను ఎవరు అనుమానిస్తారు?

దానికి తోడు అతని మొక్కు. కిడ్నీ నిలబడితే ఏటా గుట్ట మీది దేవుడికి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడు. మొక్కు ఏడాదికి ఒకసారే. కానీ భక్తి ఎక్కువై, వెంట్రుక మొలిస్తే చాలు గీయించుకుని నున్నగా పెట్టుకునేవాడు. టవల్ భుజం మీదే ఉండేది, నెత్తి మీదికి ఎక్కేది కాదు.

“కప్పుకో తమ్మీ, ఎండ మండుతోంది” అని ఎవరన్నా అంటే, “దేవునికిచ్చిన తల, దాచుకుంటమా?” అనేవాడు. ఆ మాట నాకు ఎంతో నచ్చేది. మెచ్చుకునేదాన్ని కూడా.

“మన నల్లతోలును ఎండేం జేస్తది?” అని సూపర్‌వైజరు నవ్వేవాడు. “తెల్లోళ్లకు గద గవన్ని.”

అట్లా కొన్నేళ్లు గడిచాయి. ఒకనాడు డిస్పెన్సరీకి వచ్చి తల వంచి చూపించాడు. నడినెత్తికి కాస్త వెనకగా శనగగింజంత పుండు. పైన చెక్కు కట్టింది.

“మంగలి కత్తి గాటు అక్కా,” అన్నాడు.

గాటే అనుకున్నాను. కడిగి మందు పెట్టాను. చెక్కు ఊడింది, రక్తం చిమ్మింది, మళ్లీ చెక్కు కట్టింది. మళ్లీ వచ్చాడు. మళ్లీ మందు. డాక్టరుగారు పక్క బల్ల దగ్గర ఎవరికో సూది వేస్తూ ఒకసారి తల తిప్పి చూసి, “మంగలిని మార్చవయ్యా బాబూ” అన్నారు. ఆయనది గోదావరి వైపు. రామచంద్రాపురంలో ఇల్లు కట్టుకుని ఎన్నేళ్లయినా ఆ యాస పోలేదు.

అతను నిజంగానే మంగలిని మార్చాడు. దాంతో పాత మంగలికి కోపం వచ్చింది. కత్తి పట్టుకునే గేటు దాకా వచ్చి సెక్యూరిటీవాళ్ల ముందు లొల్లి పెట్టాడు. “ముప్పై ఏండ్ల సంది గీకుతున్న. ఈ కత్తికి పేరు పెట్టిండు. కావాల్నంటే మీ గడ్డాలు గీకి చూపెడ్త, గాటు పడితే నా చెయ్యి తీసేయున్రి!” అన్నాడు. సెక్యూరిటీ అతను నిజంగానే గడ్డం గీయించుకుని, “గాటు లేదు సార్” అని మా డాక్టరుగారికి రిపోర్టు ఇచ్చాడు. ఆ రోజంతా నవ్వుకున్నాం.

మంగలి మారాడు కానీ పుండు మారలేదు. పైగా అంచులు లేచి గరుకుగా తయారయ్యాయి. ఒక పొద్దున నేను కడుగుతుంటే డాక్టరుగారు వచ్చి పక్కన నిలబడ్డారు. గుడ్డ పక్కకు జరపమన్నారు. వేలితో అంచు చుట్టూ నొక్కి చూశారు. కింద గట్టిగా తగిలినట్టుంది, వేలు అక్కడే ఆగింది. బయట వరసలో ఉన్నవాళ్లు తలుపులోంచి తొంగి చూస్తున్నారు.

“ఏమ్మా, కత్తిగాటు ఇన్నాళ్లు ఉండదు,” అన్నారు నాతో. తర్వాత అతని ముందుకు వచ్చి, కళ్లలోకి చూసి, “ఇదేంటో నాకు తెలియడం లేదయ్యా. నేను మొదట్లోనే సరిగ్గా చూడాల్సింది. తెలిసినవాళ్లకి చూపిద్దాం, రేపే” అన్నారు.

అంతమంది వింటుండగా డాక్టరు అనే మనిషి ‘నాకు తెలియదు’ అనడం నేను అదే మొదటిసారి వినడం. బయటవాళ్లు గుసగుసలాడుకున్నారు. నాకు మాత్రం ఆ మాట విన్నాక ఆయన మీద నమ్మకం రెట్టింపయింది.

సిటీలో కిడ్నీ ఆసుపత్రివాళ్లు చర్మం డాక్టరుకు చూపించారు. ఆయన చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. అది చర్మపు క్యాన్సరని తేలింది. చిన్నగానే ఉంది, లోతుకు పోలేదు, చుట్టూ కాస్త మంచి చర్మంతో సహా కోసి తీసేస్తే సరిపోతుందన్నారు. ఎందుకు వచ్చిందో కూడా దాచకుండా చెప్పారు. కిడ్నీని కాపాడే గోలీలు ఒంటి కాపలాను తగ్గిస్తాయి, అందువల్ల ఇలాంటివి తలెత్తితే ఒళ్లు తనంతట తాను అణచలేదు, దానికి తోడు ఏళ్ల తరబడి బోడితల మీద ఎండ. నల్లటి చర్మానికి ఈ జబ్బు తక్కువే కానీ అసలు రాదని కాదు, ఇలా అవయవం మార్చుకున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇదంతా వాళ్లు చెప్పింది.

అతను విన్నది ఒకటే. గోలీలు క్యాన్సర్ తెచ్చాయి.

ఆపరేషన్‌కు రోజు ఇచ్చి పంపారు. అతను ఇంటికి వచ్చి గోలీల డబ్బాను అటక మీదికి విసిరేశాడు. కోతకు కూడా పోనన్నాడు. అక్క మెట్ల మీద కూర్చున్నది ఆ మర్నాడే.

డాక్టరుగారు రాగానే చెప్పాను. ఆయన మొహం మారిపోయింది. “గోలీలు మానితే కిడ్నీ పోతుంది. కోత మానితే మనిషి పోతాడు. పదండి” అన్నారు. బయట వరసలో ఉన్నవాళ్లకు దండం పెట్టి, “ప్రాణం మీదికొచ్చింది, కాసేపు ఆగండయ్యా” అని చెప్పి, సిటీకి మందుల కోసం బయల్దేరుతున్న వ్యాను ఆపి మమ్మల్ని ఎక్కించారు. దారంతా నేను కొంగు చాటున చేతులు జోడించుకుని కూర్చున్నాను.

పటాన్‌చెరు బజారు వెనక రేకుల ఇల్లు, కిరాయిది. లోపల అతను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, నెత్తి మీద నేను కట్టిన కట్టుతోనే. భార్య గుమ్మంలో నిలబడి, “ఎవ్వరి మాట ఇంటలేడు సార్, మీరన్న చెప్పున్రి” అని పక్కకు తప్పుకుంది.

“గోలీలు ఎందుకు మానేశావయ్యా?” అన్నారు డాక్టరుగారు, చాప మీద అతని ఎదురుగా కూర్చుంటూ.

“అయ్యే తెచ్చినయట గద సార్ ఈ బీమారిని. సిటీల పెద్ద సారే జెప్పిండు. ఇషమని తెల్సినంక ఎట్ల మింగుత?”

బుజ్జగించడానికి ఏదో అబద్ధం చెప్తారనుకున్నాను. ఆయన చెప్పలేదు.

“నిజమే. ఆ గోలీలకీ ఇందులో భాగం ఉంది. ఎండకీ ఉంది. నిన్ను ఎండలోకి పంపింది మేమే, మంచి చేస్తున్నామనుకుని. కానీ గోలీలు మానితే జరిగేది వేరు. చూడు, మన ఒంట్లో సైనికులుంటారు. మీ అక్క కిడ్నీని శత్రువనుకుని వాళ్లు మీద పడకుండా ఈ గోలీలు వాళ్లని జోకొడతాయన్నమాట.”

“ఫౌజోళ్లను పండబెట్టే గోలీలు నాకెందుకు సార్? రేపు ఇంకోడు దాడి జేస్తే?”

డాక్టరుగారి దగ్గర జవాబుంది కానీ అది ఇంగ్లీషులో ఉన్నట్టుంది. అప్పుడు అక్క ముందుకు వచ్చింది.

“ఆగున్రి సార్, నేనడుగుత. అరేయ్, నాయిన అంగడికెల్లి కొత్త బర్రెను పట్టుకొచ్చింది యాదికున్నదా?”

“ఇప్పుడు బర్రె ముచ్చటేందే?”

“ఉన్నదా లేదా?”

“ఉన్నది.”

“కొట్టంల కట్టంగనే పాత బర్లు ఏం జేసినయ్?”

“పొడ్సినయ్.”

“నాయిన ఏం జేసిండు?”

“పాతవాటి తలుగు గుంజకు దగ్గరగ బిగిచ్చి కట్టిండు. కొమ్ములు ఇసరకుంట.”

“కొత్తది బతికిందా?”

“బతికింది. పాలు గూడ ఇచ్చింది.”

“మరి అయి అట్ల బిగిచ్చి ఉన్నప్పుడు ఊరకుక్కలు కొట్టంల జొచ్చినయ్. కొమ్ములిసరనీకి లేదు. అప్పుడేం జేసినం?”

అతను అక్క మొహంలోకి చూశాడు.

“నువ్వు, నేను వంతులేసుకొని కట్టె పట్టుకొని కూసోలే? కుక్క వస్తే తరిమినం. కుక్క వచ్చిందని నాయిన తలుగు ఇప్పిండా? ఇప్పితే ఏమయితుండె?”

“కొత్తదాన్ని పొడ్సి సంపుతుండె.”

“గది! ఇప్పుడు నీ నెత్తి మీదికి కుక్క వచ్చింది. చిన్నదే, కూన. సార్లు తరుముతమంటున్నరు. నువ్వేమో కుక్కను ఇడిసిపెట్టి తలుగు ఇప్పుతనంటున్నవ్. సచ్చేది ఎవరు రా? నేనిచ్చిన బర్రె!”

“నీ కిడ్నీని బర్రె అంటవేందే?”

“ఆరేండ్ల సంది పాలిస్తలేదా మరి?”

భార్య గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరుగారు తల పైకెత్తి నవ్వారు. అతను కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలోనే విరిగిపోయింది. మొహం నా వైపు తిప్పాడు. గోలీల వెనక దాక్కున్న అసలు భయం అప్పుడు బయటికి వచ్చింది.

“అక్కా, నీకు దేవుడంటే ఎరుకే గద. నేను ఆయనకిచ్చిన తల మీదనే ఈ పుండు వెట్టిండు. అంటే నా మొక్కు ఆయనకు ముట్టలే. నన్నే వద్దనుకున్నడు. ఇగ గోలీలు మింగి ఏం ఫాయిదా?”

ఇది డాక్టరుగారు జవాబు చెప్పే ప్రశ్న కాదు. మనసులో దణ్ణం పెట్టుకుని, తోచిందే అన్నాను.

“తమ్మీ, నువ్వు గుండు గీకిచ్చుకున్నవు గనకనే అది నా కంటవడ్డది. జుట్టు కింద ఉంటే ఎవరు చూస్తుండె? లోపల లోపలే పెరిగి, నువ్వు పడిపోయినంక తెలుస్తుండె. మొక్కు ముట్టలేదంటవా? దాచిపెట్టే జాగ మీద గాక, అందరికీ కనవడే జాగ మీద వెట్టిండు. అంతకంటే ఎట్ల చెప్తడు దేవుడు?”

అతను నెత్తి మీది కట్టును మెల్లగా తడుముకున్నాడు. “అటక మీద ఉన్నయి” అన్నాడు భార్యతో. “తీయి.”

ఆమె తీసే దాకా అక్క ఆగలేదు. తానే సందూక పెట్టె ఎక్కి డబ్బా దించి, చెంబుతో నీళ్లు తెచ్చి ఎదుట నిలబడింది. డాక్టరుగారు డబ్బా చూసి, “ఇప్పటి పూటవి మాత్రమే. పోయినవాటికి కలిపి ఎక్కువ మింగకు. ఈవేళే ఆసుపత్రికి పోయి జరిగింది చెప్పి, రక్తం చూపిద్దాం. ఇకమీదట ఏ గోలీ తగ్గించాలన్నా ఆపాలన్నా అది కిడ్నీ డాక్టర్లు చెప్పాలి. నువ్వు కాదు, నేను కూడా కాదు” అన్నారు. అతను మింగాడు. అక్క అతని గొంతు కదలడం చూసి, నోరు తెరిపించి లోపల కూడా చూసింది. “నమ్మరాదు,” అన్నది, “చిన్నప్పుడు ఆముదం బుక్కల పెట్టుకొని గోడెనక ఉమ్ముతుండె.”

మందుల వ్యాను ఆ రోజు మందులకు ముందు అతన్ని ఆసుపత్రిలో దించింది. రక్తంలో కిడ్నీ ఇంకా బాగానే ఉందని తేలింది. ఆ సాయంత్రం నేను దీపం పెట్టి ఏమీ అడగలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాను.

ఆపరేషన్ చెప్పిన రోజుకే అయింది. పుండును చుట్టూ మంచి చర్మం కొంత కలిపి తీసేసి, తొడ మీది పలచటి చర్మం తెచ్చి అక్కడ అతికించారు. కోసి తీసిన ముక్క అంచుల్లో జబ్బు మిగిలిందా లేదా అన్నది మళ్లీ పరీక్షలో తేలాలి. ఆ నాలుగు రోజులూ మా డిస్పెన్సరీలో ఎవరికీ స్థిమితం లేదు. సూపర్‌వైజరు ప్రతి షిఫ్టులోనూ వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు. “నేనే పంపిన గద ఎండలకు” అని మాత్రం అని వెళ్లిపోయేవాడు. ఆ మనిషి నవ్వకుండా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఫోను వచ్చినప్పుడు డాక్టరుగారు నిలబడే విన్నారు. రిసీవరు పెట్టేసి, వరసలో ఉన్న కూలీల వైపు తిరిగి, వాళ్లకేం అర్థమవుతుందన్న ఆలోచన కూడా లేకుండా, “అంచులు శుభ్రం! అంచులు శుభ్రం!” అని అరిచారు. బొబ్బల చేతితో కూర్చున్న ఒక బీహారీ పిల్లవాడు బెదిరి లేచి నిలబడ్డాడు. నేను ఏడ్చేశాను. సూపర్‌వైజరు పరుగెత్తుకుపోయి క్యాంటీన్‌లో ఆ పూట మిర్చిబజ్జీలన్నీ తన ఖాతాలో పంచిపెట్టించాడు. కిడ్నీ డాక్టర్లు గోలీల్లో ఒకదాన్ని కొంత తగ్గించి, రక్తం చూస్తూ వచ్చారు. కిడ్నీ ఉలకలేదు పలకలేదు, తన పని తాను చేసుకుపోయింది.

తిరిగి వచ్చాక అతనికి స్టోర్సులో కప్పు కింద పని. బయటికి అడుగు పెడితే వెడల్పు అంచు గడ్డి టోపీ, పూర్తి చేతుల చొక్కా. మొహానికీ చెవులకూ ఎండ ఆపే తెల్ల క్రీము. ఆ క్రీము చూసి ఫ్యాక్టరీ అంతా ఊరుకుంటుందా?

“ఏం బై, షూటింగ్ యాడ?” అనేవాళ్లు.

“మీ గేటు కాడనే. సైడ్ ఆర్టిస్టులు కావాలె, వస్తరా?” అనేవాడు. అతను మళ్లీ మాటకు మాట చెప్పడం వింటే నా కడుపు నిండేది.

ఇక మొక్కు రోజు దగ్గరపడింది. చర్మం డాక్టరు, నెత్తి మీద కత్తి పెట్టొద్దు, వెంట్రుకలు ఉన్నంత మేర ఉండనీయండి, అవే కొంత నీడ అన్నారు. అతనికి మళ్లీ దిగులు పట్టుకుంది. మొక్కు తప్పితే ఎట్లా? నేను మా ఇంటికి వచ్చే పంతులుగారిని అడిగాను. “ఆడవాళ్లు గుండు బదులు మూడు కత్తెర్ల జుట్టు ఇవ్వడం లేదూ? ఆ దేవుడు పుచ్చుకోవడం లేదూ?” అన్నాడాయన. ఆ మాట పట్టుకుని అక్క, తమ్ముడు, అతని భార్య, నేను బస్సెక్కి గుట్టకు పోయాం.

తలనీలాలు తీసే చోట మంగలి కత్తికి కొత్త బ్లేడు వేస్తున్నాడు. అతను టోపీ తీసి కూర్చుని, చిన్నగా, “మూడు కత్తెర్లు” అన్నాడు.

“అది ఆడోళ్లకు. తల వంచు.”

“కత్తి వెట్టద్దన్నరు డాక్టర్లు.”

“మొగోనికి మూడు కత్తెర్లేంది? వెనక లైను చూడు ఎంతున్నదో. జల్దీ వంచు.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అతను టోపీని ఒళ్లో గట్టిగా పట్టుకున్నాడు. తల వంచేస్తాడేమోనని నేను భయపడ్డాను. అంతలో అక్క జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. పక్కటెముకల కింద, కిడ్నీ తీసిన కోత మచ్చ మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

“ఓ అయ్యా, నా కిడ్నీ ఉన్నది వాని కడుపుల. ఆడదాని కిడ్నీ. సగం ఆడమనిషే వాడు. మూడు కత్తెర్లు నా పేరు మీద కొట్టు!”

మంగలి నవ్విన నవ్వుకు చేతిలో కత్తి కింద పడింది. కత్తెర తీసుకుని, “నీ అసొంటి అక్క ఉంటే మూడేంది, రెండు కొట్టినా దేవుడు తీస్కుంటడు” అంటూ మూడుసార్లు కత్తిరించాడు. వెనక నవ్వినవాళ్లు పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చారు. ఒక ముసలమ్మ వచ్చి ఆమె పాదాలు తాకబోతే, “ఏయ్, పో అవ్వా, నువ్వు నాకంటే పెద్దదానివి” అని కసిరింది.

ఆ తర్వాత మా డిస్పెన్సరీలో ఒక పద్ధతి ఏర్పడింది. డాక్టరుగారు చర్మం డాక్టరు దగ్గర కూర్చుని నేర్చుకుని వచ్చి నాకు నేర్పారు. నెలకు ఒకసారి అతన్ని కిటికీ వెలుగులో నిలబెట్టి తల నుంచి అరికాళ్ల దాకా చూసేవాళ్లం. నెత్తి, చెవుల వెనక, పెదాలు, చేతుల వెనకభాగం, వీపు, కాలివేళ్ల సందులు. మానని పుండు, గరుకు చెక్కు, పెరిగే పులిపిరి, మారే మచ్చ. అనుమానం వస్తే మందు పూస్తూ కూర్చోకుండా అదే వారం సిటీకి. అతని వీపు మీద ఉన్న ప్రతి పుట్టుమచ్చా నాకు కంఠతా వచ్చింది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో కిడ్నీ మార్చుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఈ సంగతి విని మా దగ్గరికే రాసాగారు. డాక్టరుగారు ఎవరినీ కాదనలేదు. “మీ గేటు పాసు నాకెందుకయ్యా, చొక్కా విప్పు” అనేవారు.

కొన్నేళ్లకు అతని ముంజేతి మీద మరో చోట గరుకు తేలింది. ఈసారి మేము కాదు, అతనే కనిపెట్టాడు. టోపీ పెట్టుకుని, చొక్కా చేయి పైకి మడుచుకుని, మా గుమ్మంలో నిలబడి, “అక్కా, కుక్కకూన ఒకటి జొచ్చింది” అన్నాడు, ఏదో బహుమతి గెలిచినవాడిలా. ఒక్క పూటలో తీసేశారు. మర్నాడు డ్యూటీలో ఉన్నాడు. స్టోర్సులో పని చేస్తూ చేస్తూనే రిటైరయ్యాడు. చావుకు దగ్గరగా పోయి వచ్చిన మనిషి మాలాగే పూలదండ వేయించుకుని ఇంటికి పోయాడు. నాకు అంతకన్నా పెద్ద విజయం ఏదీ గుర్తు లేదు.

పిల్లలూ, మీకు ఇప్పుడు మంచి మందులున్నాయి, మంచి యంత్రాలున్నాయి. కిడ్నీయో కాలేయమో మార్చుకున్న మనిషి మీ ముందుకు వస్తే రక్తం కాగితాలు ఎలాగూ చూస్తారు. దాంతో ఆగకండి. టోపీ తీయమనండి, చొక్కా విప్పమనండి, వెలుగులో నిలబెట్టి చూడండి. మానని పుండు కనిపిస్తే గాటు అనుకోకండి. భయపడి గోలీలు మానేస్తానంటే, నిజం దాచకుండా చెప్పి, మాననివ్వకండి.

ఆ మనిషి వెనక, గోడ పక్కన, ఎవరన్నా నిలబడి ఉన్నారేమో చూడండి. అవయవం ఇచ్చినవాళ్లను ఎవరూ చూడరు. మేము కూడా ఏళ్ల తరబడి తమ్ముడి బీపీ చూసి, అక్కను ‘బాగున్నవా’ అని మాత్రమే అడిగాం. తర్వాత బుద్ధి వచ్చి ఆమెకూ ఏటా పరీక్షలు చేయించాం. మిగిలిన ఒక్క కిడ్నీతోనే నాట్లు వేసింది, కలుపు తీసింది, మనవళ్లను ఎత్తుకుంది. పెద్దవయసులో, మామూలుగా, నిద్రలో పోయింది. ఆమె పోయిన నాడు కూడా తమ్ముడి ఒంట్లో ఆమె కిడ్నీ పనిచేస్తూనే ఉంది.

మీరు ఒకరి ఒంటి మీద చిన్న మచ్చను సమయానికి పట్టుకున్న రోజున మీ మనసు పొంగుతుంది. అప్పుడు నన్ను తలుచుకోనక్కర్లేదు. జిన్నారం అవతల పొలాల్లో పని చేసుకుని బతికిన ఆ అక్కను ఒక్కసారి తలుచుకోండి.